ముందు బండి వెనక దీపం

మజిలీ 1. వంపులమ్మ రాయి, ఘాటు మొదలు. శనివారం పొద్దున్న.

తోక: పైడితల్లి. అంటే నేనే.

ఈసారి వెనక బండి వంతు నాది కాబట్టి రాత కూడా నాదే. మా జట్టులో తోక కట్టుబాటు ఇది. వెనక ఉన్న మనిషికి ముందున్న ముగ్గురూ కనిపిస్తారు గనక, చూసింది చూసినట్టు రాయాలి. సాయంత్రం బసకి చేరాక టీ తాగుతూ అందరి ముందూ పైకి చదవాలి. విన్నవాళ్లు నవ్వొచ్చు, తిట్టొచ్చు. అలగడానికి మాత్రం లేదు. కిందటిసారి తోకగా ఉన్న బొంజుబాబు నా గురించి 'వంపులో నాలుక బయటపెడుతుంది' అని రాశాడు. నేను అలగలేదు. ఈ వారం రాత నాది అని గుర్తుపెట్టుకున్నానంతే.

ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను. నేను వెనక ఉన్నానంటే ఎవరూ పడరు. ఇప్పటిదాకా పడలేదు, ఇకముందూ పడరు.

పట్నం నుంచి ఇక్కడిదాకా రాయడానికేమీ లేదు. హైవే మీద మా నాలుగు బైకుల్నీ సారథి పెట్టెలే నడిపాయి, మనిషి చెయ్యి పడకుండా బండి తోలే యంత్రాలవి; మేం ఊరికే కూర్చున్నాం. నేను కునుకు తీశాను. వారమంతా సముద్రం గోడ దగ్గర పంపులతో కుస్తీ పట్టడమే నా ఉద్యోగం. నిన్న పోటు ఎక్కువై ఒక పంపు మొరాయించింది, పాత లైట్‌హౌసు వీధిలోకి నీళ్లొచ్చాయి. నిద్ర చాల్లేదు. బొంజుబాబు వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, తొక్కలు దారి పొడుగునా చల్లుకుంటూ వచ్చాడు. ఎస్తేరు ఫోనులో ఎవరికో మోకాలి కొలతలు చెప్తోంది. ఆసుపత్రిలో పెట్టుడు చేతులూ కాళ్లూ బిగించే పని తనది, సెలవురోజున కూడా మోకాళ్లు వదలవు.

నూకరాజన్న ఒక్కడే ఎప్పటిలాగే హైవే మీద కూడా నిటారుగా, రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టుకుని కూర్చున్నాడు. కొండ మీదికి ఆఖరి చేతి బస్సు నడిపిన మనిషి ఆయన. ఆ బస్సు తరవాత వచ్చినవన్నీ సారథి బస్సులే. మా ముగ్గురికీ బండి నేర్పింది ఆయనే, తిట్లతో సహా. అందుకే ముందు బండి ఎప్పుడూ ఆయనదే. తోక వంతు మారుతుంది గానీ తల మారదు.

ఘాటు మొదట్లో సారథి ఫ్యూజు పీకి ముందు బండి మనిషికి ఇచ్చెయ్యాలి. ఇది చట్టం కాదు, మా కట్టుబాటు. ఫ్యూజు దగ్గరుంటే చెయ్యి బద్ధకిస్తుంది, ఒక్క వంపే కదా దాన్నే తోలనీ అనిపిస్తుంది. నూకరాజన్న గుడ్డసంచి చాపాడు.

"ఏటే పైడీ, నిద్రమొకం ఎట్టుకుని ఎక్కుతావేటి కొండ?"

"నా మొకం సంగతి ఒగ్గీ అన్నా. ఇయ్యాల నీ ఎనకాల ఉండేది నేనే. ఎలా తోలుతావో చూస్తాను."

"చూసి నేర్చుకో."

మా ముగ్గురి ఫ్యూజులూ సంచిలో పడ్డాయి. ఆయన దాన్ని నడుముకి కట్టుకుని బండెక్కాడు. వంపులమ్మ రాయి ముందు నలుగురం మూడేసి హారన్లు కొట్టాం. ఎస్తేరు ముందు ఏసయ్యకి ప్రార్థన చేసుకుని, తరవాత వంపులమ్మకి హారను కొడుతుంది. ఇద్దరిలో ఒకరైనా ఖాళీగా ఉంటారని తన ధీమా.

బొంజుబాబు చక్రం పుల్లలకి అట్టముక్క కట్టాడు. బ్యాటరీ బండికి చప్పుడుండదని వాడి బాధ. టపటపా కొట్టుకుంటూ పోతోంది. ఈ అట్టముక్క వెనకాల కొండంతా ఎక్కాలి నేను.

మజిలీ 2. ఏనుగురాయి, దేవుడమ్మ టిఫిను పాక.

అందరూ క్షేమం. రాగి ఇడ్లీ వేడిగా ఉంది. ముందు ఒక్కొక్కరి సంగతీ.

బొంజుబాబు: వంపులోకి తొందరపడి దూరుతున్నాడు, బయటికొచ్చేటప్పుడు దిక్కులు చూస్తున్నాడు. ఈ కొండ మీదే పుట్టినవాడు, ఊరు దగ్గరపడేకొద్దీ ఇలాగే అవుతాడు. నాలుక మాత్రం లోపలే ఉంది, నా కన్నా మర్యాదస్తుడు.

ఎస్తేరు: తప్పు పట్టడానికేమీ లేదు. అదే దాని తప్పు. కొంచెం సరదాగా తోలమ్మా, నిన్నెవరూ పరీక్ష చెయ్యట్లేదు.

నూకరాజన్న: ఇక్కడ కాస్త ఆగి రాయాలి. ప్రతి వంపుకీ ముందు ఆయన బ్రేకుని రెండుసార్లు మెల్లిగా తడతాడు. బండి ఆపడానికి కాదు. వెనక దీపం రెండుసార్లు మినుక్కుమంటుంది, వెనకున్న మాకు అదే దండోరా. బస్సు తోలే రోజుల నాటి అలవాటు. ఆ దీపాన్ని చూసే మేం ముగ్గురం ఈ దారి నేర్చుకున్నాం. ఇవాళ ఒక్క వంపుకీ అది మినుక్కుమనలేదు. పోనీ తోలడంలో తేడా ఉందా అంటే, లేదు సరికదా, గీత గీసినట్టు తోలుతున్నాడు. ప్రతి వంపులోనూ అంచుకి అంతే దూరం, బండి అంతే వాలుడు. ఈ వయసులో మెరుగుపడుతున్నాడంటే నాకు కుళ్లుగా ఉంది. కుళ్లు అని నేనే రాశాను కాబట్టి మళ్లీ ఎవరూ అనక్కర్లేదు.

దీపం బల్బు పోయిందేమోనని పాక దగ్గర చూశాను. బల్బు బాగానే ఉంది.

"బ్రేకు తట్టడం మానీసినావేటన్నా?"

"మీరింకా పసిగుంటలేటి, వంపు వంపుకీ దీపం చూపించడానికి? కళ్లు నేవా?"

కసురుకున్నాడు. సరే, కళ్లున్నాయి. ఆ కళ్లతోనే ఇంకోటి చూశాను. ఇడ్లీ రాగానే దేవుడమ్మని చెంచా అడిగాడు. చెంచా! స్టీరింగు మీద ఒక చెయ్యీ మినపట్టు మీద ఒక చెయ్యీ వేసి ఘాటు దిగిన మనిషి. పైగా ఎడం చేత్తో తిన్నాడు. ఏమిటి దొరబాబూ ఇదని బొంజుబాబు వేళాకోళం చేస్తే, గ్రీజంటిందన్నాడు. గ్రీజు నాకు కనపళ్లేదు. చేతి తొడుగు తియ్యలేదు మరి.

దేవుడమ్మ ఒక కబురు చెప్పింది. ఇది అందరం విన్నాం కాబట్టి రాస్తున్నాను.

"ఉయ్యాల వంపు కాడ జాగర్త బావూ. మొన్నటి వానకి ఎడం అంచు కింద మట్టంతా జారిపోయింది. పైన తారు ఉన్నట్టే ఉంటాది, కింద ఏటీ నేదు. కొండని రాసుకుని కుడి పక్కనించి ఎల్లండి. కర్రకి ఎర్రగుడ్డ కట్టినాం."

"సారథి బళ్లు ఎలా ఎల్తన్నాయి మరి?" అంది ఎస్తేరు.

"ఒకటి ఎల్లింది, ఉల్లిపాయల మూటల్తో. ఎడం అంచునే ఎల్లి లోయలోకి దిగిపోయింది. మడుసులు నేరు గనక సరిపోయింది. మూడ్రోజులు కొండ కింద జనాలు ఉల్లిపాయలేరుకున్నారు."

అందరం నవ్వాం. నూకరాజన్న కూడా నవ్వి, "అంతే కదమ్మా. సారథికి ఎదురుగా ఉన్నది అవుపిస్తాది గానీ, కింద లేనిది అవుపించదు. ఈ కొండల్లో సిగ్నలుండదు, దానికెవరు చెప్తారు?" అన్నాడు. మంచి మాట. నాకు నచ్చి రాసుకున్నాను.

మజిలీ 3. మేఘాల గట్టు.

మంచు పడుతోంది. పట్నంలో ఈ చల్లదనం కొనుక్కోవాలంటే నా జీతం చాలదు. దుప్పటి కప్పుకుని రాస్తున్నాను, కొద్దిగానే.

నూకరాజన్న దీపం ఇంకా మినుక్కుమనలేదు. ఇక్కడ దిగాక నీళ్ల సీసా మూత తియ్యమని బొంజుబాబుకి ఇచ్చాడు. ఆ మూత ఎలకపిల్ల కూడా తీస్తుంది.

ఒంట్లో బాగాలేదేమోనని అడిగాను. "నీ పంపులకి బాగానేదు, నాకేటి?" అన్నాడు. ఇంకా అడగబోతే బండెక్కేశాడు.

నాకు కోపంగా ఉంది, భయంగానూ ఉంది. నలుగురుంటేనే జట్టు, జట్టుంటేనే చేత్తో బండి తోలుకునే లైసెన్సు. ఒకరు తగ్గినరోజు మిగతా ముగ్గురి బళ్లూ సారథికి అప్పగించాల్సిందే. అందుకే మేం ఒకళ్ల ఆరోగ్యం ఒకళ్లం అత్తగార్లలాగా కనిపెట్టుకుని ఉంటాం. వారమంతా పంపుల దగ్గర మురుగు కంపులో నిలబడగలుగుతున్నానంటే శనివారం ఉంది గనకే. ఆ శనివారం పోతుందని కాసేపు భయపడ్డమాట నిజం. ఇది చదివేటప్పుడు నాకు సిగ్గేస్తుంది. వెయ్యనీ. కానీ ఆయనకి ఏదైనా అయితే ఆ శనివారం నాకెందుకు?

బసలో కూర్చోబెట్టి అడుగుతాను. ఇలా పేపరు మీద రాసేశాక తప్పించుకోలేడు.

ఉయ్యాల వంపు. ఇది మజిలీ కాదు. ఇక్కడ ఆగాలని ఎవరం అనుకోలేదు.

అక్షరాలు వంకరగా ఉన్నాయి. అయినా వరసగా రాస్తాను, ఎందుకంటే కట్టుబాటు ఉన్నది ఇలాంటి సమయానికే.

గట్టు దాటాక మంచు ముద్దలా కమ్మేసింది. నాకు కనిపించేవి మూడు ఎర్రదీపాలు, వినిపించేది అట్టముక్క. ముందు నూకరాజన్న, ఆ వెనక బొంజుబాబు, ఆ వెనక ఎస్తేరు, నేను. పైనుంచి ఒక ప్లాస్టిక్ కవరు గాలికి కొట్టుకొచ్చి నూకరాజన్న బండి ముందు తేలింది. ఆయన బండి ఆగింది. వెన్నలా ఆగింది. కవరు పక్కకి పోయింది, బండి మళ్లీ కదిలింది. మేం ముగ్గురం తడబడి కాళ్లు నేల మీద ఆనించాం. ఆయన ఆనించలేదు.

గొడ్డు అడ్డొస్తేనే హారను కొట్టుకుంటూ పక్కనించి పోయే మనిషి కవరుకి ఆగడమేమిటి? ఆగిన బండి మీద కాలు కింద పెట్టకుండా బొమ్మలా కూర్చోవడమేమిటి?

ఆ బండిని నూకరాజన్న తోలడం లేదు. సారథి తోలుతోంది. పొద్దుట్నుంచీ అదే తోలుతోంది. గీత గీసినట్టున్న ఆ వంపులన్నీ దానివే. ముందు బండి మనిషి మా అందరి ఫ్యూజులూ అడిగి పుచ్చుకుంటాడు గానీ, ఆయన ఫ్యూజు ఏదని ఇన్నేళ్లలో ఒక్కరం అడగలేదు. అడగాలని తోచలేదు. ముందు బండి మనిషిని ఎవరడుగుతారు?

కోపం రావడానికి కూడా వ్యవధి లేదు. రాబోయేది ఉయ్యాల వంపు. సారథి ఎప్పుడూ ఎడం పక్కే పోతుంది, కింద మట్టి లేదని దానికి తెలీదు. ఆ దీపం వెనకాలే బొంజుబాబూ ఎస్తేరూ పోతారు. ఈ మంచులో వాళ్లకి రోడ్డు లేదు, ఆయన దీపమే రోడ్డు. దేవుడమ్మ చెప్పిన ఎర్రగుడ్డ ఎక్కడా లేదు.

తోక హారను ఆపకుండా కొడితే అందరూ ఉన్నచోటే ఆగాలి. కొట్టాను. బొంజుబాబు ఆగాడు, ఎస్తేరు ఆగింది. మొదటి దీపం ఆగలేదు. అలాగే, అదే వేగంతో, ఎడం అంచుకి జరుగుతూ పోతోంది.

తోక ఎన్నడూ ముందుకి రాకూడదు. కట్టుబాట్లలో అది మొదటిది. నేను వచ్చాను. కొండ పక్కనించి ఇద్దర్నీ దాటి, ఆయన పక్కకి వచ్చి, "పట్టుకో అన్నా! బ్రేకు పట్టుకో!" అని అరిచాను. ఆయన నా వైపు చూశాడు. ఆ మొహం నేనింక మర్చిపోను. బండి ఆగలేదు.

అప్పుడు ఆయన మాటే గుర్తొచ్చింది. సారథికి ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది. అయితే ఎదురుగా ఉంటే సరి. నా బండిని ఆయన్ని దాటించి, అడ్డంగా తిప్పి నిలబెట్టేశాను.

ఆయన ముందు చక్రం నా పిక్కని తాకి ఆగింది. మెత్తగా తాకింది, అంత గొప్ప యంత్రం.

ఊపిరి పీల్చుకునేలోపు నా ముందు చక్రం కింద తారు అప్పడంలా విరిగింది. కాళ్లు రెండూ నేలకి తన్నిపెట్టి వెనక్కి వాలాను. బొంజుబాబు పరిగెత్తుకొచ్చి నా బండి వెనక కడ్డీ పట్టి లాగాడు, ఎస్తేరు నా నడుం పట్టి లాగింది. విరిగిన ముక్కలు పడ్డ చప్పుడు చాలాసేపటికి గానీ రాలేదు.

నూకరాజన్న ఇంకా బండి మీదే ఉన్నాడు.

"పట్టుకున్నానే పైడీ," అన్నాడు. "దేవుడమ్మ చెప్పింది గుర్తుంది నాకు. ఈ వంపు కాడ నా చేతికి తీసుకుందారనుకున్నాను. బ్రేకు పట్టుకున్నాను. అది ఇన్లేదు."

ఎస్తేరు ఆయన కుడిచేతి తొడుగు లాగేసింది. వేళ్లు ఒక్కొక్కటీ నొక్కింది.

"తెలుస్తందా అన్నయ్యా?"

"నేదు."

"ఇదో?"

"నేదు. వానలు మొదలైన కాణ్ణించీ తిమ్మిరెక్కతంది, ఈ వారం బొత్తిగా మొద్దుబారిపోయింది. ఊరికే చెయ్యి ఆనించినాననుకుంటాది సారథి. నొక్కితే గదా దానికి తెలిసేది."

ఎస్తేరు ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. ఇవాళ కొండ మారుమోగింది. "నేను రోజూ చేసే పనేటో నీకు తెలీదా? ఊళ్లో జనం చేతులన్నీ నా కాడికి తెస్తారు, నువ్వు నీ చెయ్యి నాకే దాస్తావా?"

"చెప్తే ఏటవుద్ది? నువ్వు నన్ను తోలనివ్వవు. నేను తగ్గితే మీరు ముగ్గురు. ముగ్గురికి జట్టు నేదు. నా చెయ్యి పోతే పోయింది, మీ బళ్లెందుకు పోవాల?"

ఆయన మా కోసమే చేశాడు. అది విని నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. బొంజుబాబు ఏడవలేదు. ఆయనకెదురుగా నిలబడి అడిగాడు.

"మరి మేం పోతేనో అన్నా? ముగ్గురం నీ దీపం ఎనకాలే గదా ఒస్తన్నాం."

నూకరాజన్న నడుముకున్న సంచి విప్పి నాకిచ్చాడు. లోపల మూడే ఉన్నాయి. నాలుగోది ఆయన బండిలోంచి నేనే పీకి సంచిలో వేశాను.

మజిలీ 4. పనసగుడ, బొంజుబాబు వాళ్ల అక్క ఇల్లు. శనివారం సాయంత్రం.

ఊరు అక్కణ్ణించి దగ్గరే. నూకరాజన్న నా బండి వెనక కూర్చుని వచ్చాడు. ఆయన బండిని బొంజుబాబు రెండో విడతలో తెచ్చాడు. వచ్చే ముందు బొంజుబాబూ నేనూ విరిగిన అంచు చుట్టూ రాళ్లు పేర్చి, నా ఎర్ర రెయిన్‌కోటు వాటికి కట్టాం. ఇప్పుడది ఏ సారథికైనా కనిపిస్తుంది.

దారిలో ప్రతి వంపుకీ ముందు నూకరాజన్న నా ఎడం భుజం మీద రెండుసార్లు తట్టాడు.

అక్క సామలన్నం, కోడి పులుసు వండుతానంది. ఈలోగా ఎస్తేరు సామాను సంచి విప్పి ఆయన బండి ముందు బాసింపట్టు వేసుకు కూర్చుంది. కుడి పిడి దగ్గరున్న యాక్సిలరేటరూ బ్రేకూ ఊడదీసి ఎడం పిడికి బిగించింది. బ్యాటరీ బండికి క్లచ్చుండదు, ఆ ఎడం పిడి ఇన్నాళ్లూ ఊరికే ఉంది.

"ఇంతేనా?" అన్నాడు నూకరాజన్న.

"ఇంతే. అడిగుంటే వానల మొదట్లోనే అయిపోను."

"మరి లైసెన్సో?"

"మా ఆసుపత్రికొచ్చే ఒంటిచేతివాళ్లిద్దరు తోల్తన్నారు, నీకేటి? కొత్త బిగింపుతో ఒకసారి ఆఫీసువాళ్ల ముందు తోలి చూపించాల. దానికన్నా ముందు, సోమారం నాడు మా డాక్టరమ్మకి చెయ్యి చూపించాల. రాకపోతే ఇంటికొచ్చి లాక్కెల్తాను."

ఇంత చిన్న పని అడగడానికి ఆయనకి నోరు రాలేదు. అడగాలన్న ఆలోచన మాకు రాలేదు. ముందు బండి మనిషికి ఏమీ కాదని మేం నలుగురం నమ్మాం, ఆయనతో సహా.

తరవాత టీ తాగుతూ నేను చదివాను. మొత్తం చదివాను, కుళ్లు సంగతీ, సిగ్గు సంగతీ కూడా. చెంచా దగ్గర బొంజుబాబు నవ్వలేదు. ఉయ్యాల వంపు దగ్గర అక్క పొయ్యి దగ్గర్నించి లేచొచ్చి నిలబడింది. అంతా అయ్యాక అందరం నూకరాజన్న వైపు చూశాం. ఆయన గ్లాసు కింద పెట్టి, "అలగడానికి నేదు కదేటి?" అన్నాడు.

"నేదు."

"అయితే నా మాట కూడా రాసుకో. ముందు బండికి నేనింక పనికిరాను. ఎడం చేత్తో తోలడం నాకు రాదు."

"రాకపోతే నేర్పుతాను," అన్నాను. "మేం నేర్చుకుని పుట్టినామేటి?"

ఈ చివరి నాలుగు మాటలూ చదివాక రాసినవి. అన్నం పిలుపొచ్చింది. చెంచా ఆయన అడక్కముందే అక్క తెచ్చి పెట్టింది.

మజిలీ 5. పనసగుడ సంత మైదానం. ఆదివారం పొద్దున్న.

మంచు విడిపోయింది. సంత లేని రోజు కాబట్టి మైదానంలో కోళ్లు తప్ప ఎవరూ లేరు.

నూకరాజన్న మొదటి చుట్టులోనే పడ్డాడు. నడక వేగమే, దెబ్బ తగల్లేదు, పరువుకి తగిలింది. లేచి కోళ్లని తిట్టాడు. రెండో చుట్టులో బ్రేకనుకుని యాక్సిలరేటరు తిప్పి అరటిచెట్టుకి దణ్ణం పెట్టాడు. మేం ముగ్గురం అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటూ చూశాం. ఇంత సుఖంగా ఎప్పుడూ చూళ్లేదు.

తరవాత నేను లేచి పక్కన నడుస్తూ చెప్పాను. నాకు కొత్తగా చెప్పడానికేమీ లేదు. ఆయన నాకు చెప్పినవే వరసగా తిరిగి చెప్పాను. చూపు ఎక్కడుంటే బండి అక్కడికి పోతుంది. పిడిని పీక పిసికినట్టు పట్టుకోకు. భయమేస్తే ముందు ఊపిరి వదులు. తిట్లు కూడా ఆయన తిట్టినవే తిట్టాను, ఒక్కటీ మర్చిపోలేదు. 'ఇవన్నీ నేనన్నానేటి?' అని మధ్యలో ఒకసారి ఆగి అడిగాడు. అన్నావు నాయనా.

ఎండ ఎక్కేసరికి మైదానం చుట్టూ తిన్నగా తిరుగుతున్నాడు. వంపు ముందు దీపం మినుక్కుమంది. రెండుసార్లు. ఎడం చేత్తో, కాస్త ఆలస్యంగా, కానీ రెండుసార్లు. అరుగు మీదున్న ఎస్తేరు చప్పట్లు కొట్టింది. ఆఫీసువాళ్ల పరీక్ష పాసవుతాడా అంటే, అవుతాడు. నేర్పింది నేను.

దిగేటప్పుడు వరస మార్చాం. ముందు నేను. నా వెనక బొంజుబాబు, తరవాత ఎస్తేరు. వెనకాల ఎవరూ తోసుకురాకుండా, తన వేగంతో తను రావచ్చని తోక నూకరాజన్నకిచ్చాం. ఆయన నిదానంగా వస్తాడు, అందరం ఆయన నిదానంతోనే దిగుతాం. ఇంకో కొత్త కట్టుబాటు కూడా పెట్టాం. ఫ్యూజుల సంచి ఇకనించి తోక దగ్గరుంటుంది. బయల్దేరే ముందు తోక ఒక్కొక్కటీ బయటికి తీసి పైకి లెక్కపెట్టాలి, ముందు బండిదే మొదట.

తోక ఆయనదైతే రాత కూడా ఆయనదే. పుస్తకం ఇస్తున్నాను.

మజిలీ 6. వంపులమ్మ రాయి. ఆదివారం, దిగీసినాం.

తోక: నూకరాజు.

ఎడం చేత్తో రాస్తన్నాను. చదవలేకపోతే నేనే చదివి వినిపిస్తాను. ఫ్యూజులు నాలుగు. పైకి లెక్కెట్టినాను, అందరూ విన్నారు.

ఎస్తేరు బాగా తోలింది. ఒక చోట పాట పాడింది, పైడితల్లి రాసిన దానికి అనుకుంటాను.

బొంజుబాబు అట్టముక్క మేఘాల గట్టు కాడ ఊడిపోయింది. ఊడిపోనేదు, నేనే పొద్దున్న సగం కోసి ఉంచినాను. అలగడానికి నేదు.

నేను ఒక చోట తప్పు పిడి నొక్కీసినాను. పడలేదు. పడబోయినాను అని రాసుకోవాల, రాసుకున్నాను. చెయ్యి సంగతి దాచినందుకు ముగ్గురికీ ఇక్కడ రాసి చెప్తన్నాను, తప్పయిపోయింది.

ముందు బండి పైడితల్లిది. దాని సంగతి కొంచెం ఎక్కువ రాయాల. వంపు వంపుకీ దీపం రెండేసిసార్లు తట్టింది, మంచిదే. తిన్నగా ఉన్న రోడ్డు మీద కూడా తట్టింది. అది భయం. నాలుక బయటే ఉంది. ఉయ్యాల వంపు కాడ కొండని రాసుకుని, దిగేటప్పుడు అది ఎడం పక్క గనక ఎడం పక్కనించి, సరిగ్గా తీసుకెల్లింది. కానీ దాటాక బండి నిదానం చేసి, నేనొస్తన్నానో లేదో అని ఎనక్కి తిరిగి చూసింది. ఆ తరవాత కూడా చూస్తానే ఉంది.

ముందు బండి మడిసి ఎనక్కి చూడకూడదు. చూపు ఎక్కడుంటే బండి అక్కడికే పోద్ది. తోక ఉండేది ఎందుకేటి? రోడ్డు చూసుకోయే పైడీ. ఎనకాల నేనున్నాను.